మబ్బులో నీళ్ళు, ముంతలో నీళ్ళు

మబ్బులో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకున్నట్లని మన పెద్దలొక సామెత చెప్పారు. ఎక్కడో దూరాన బారులు తీరిన యంత్రాల సముదాయానికి ‘క్లౌడ్’ అని నామకరణం చేసిన కంప్యూటరు పండితులకు ఈ సామెత తెలిసి ఉండదు. తెలిసి ఉంటే మరో పేరు వెతుక్కునేవారేమో! వీడియో ఆటల విషయంలో ఈ మబ్బు గురించి పదిహేనేళ్ళకు పైగా ఒకే ప్రశ్న నలుగుతూ వస్తోంది. ఆట ఆడడానికి ఇంట్లో ఖరీదైన యంత్రం ఉండనవసరం లేదనీ, ఆట ఎక్కడో ఉన్న సర్వరులో నడుస్తూ దాని బొమ్మ మాత్రమే మన తెరమీదికి వస్తుందనీ, కనుక గ్రాఫిక్స్ కార్డులూ కన్సోళ్ళూ త్వరలోనే అటకెక్కుతాయనీ ఒక వర్గం వారి వాదన. ఈ వాదనలో పాలెంతో, నీళ్ళెంతో తేల్చుకోవాలన్న కోరికతోనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ముందుగా ఆటలతో అంతగా పరిచయం లేని మిత్రుల కోసం ఒక వివరణ. సినిమాలు ఇప్పుడు డిస్కుల మీద కొనేవారు అరుదు. నెలచందా కట్టి నేరుగా తెరమీద చూస్తున్నాం. సినిమాకు సాధ్యమైనది ఆటకు ఎందుకు సాధ్యం కాదన్నది సహజంగా తలెత్తే సందేహం. కానీ ఈ రెంటికీ మౌలికమైన భేదం ఒకటుంది. సినిమాలో తరువాతి దృశ్యమేమిటో ముందే నిర్ణయమై ఉంటుంది. అందుచేత రాబోయే అరనిమిషం నిడివి ముందుగానే తెచ్చి మన యంత్రంలో దాచిపెట్టుకోవచ్చు. నడుమ నెట్టు కాసేపు తడబడినా చూసేవాడికి తెలియదు. ఆటలో అలా కుదరదు. తరువాతి బొమ్మ ఏమిటన్నది ఆటగాడు ఇప్పుడు ఏ మీట నొక్కుతాడన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. అతడు నొక్కేదాకా ఆ బొమ్మ సృష్టిలోనే లేదు. లేనిదాన్ని ముందుగా తెచ్చి దాచడం ఎవరి తరమూ కాదు.

కాబట్టి ప్రతి మీటనొక్కుడూ ఒక చిన్న యాత్ర చేయవలసి వస్తుంది. మన చేతిలోని కంట్రోలరు నుంచి సంకేతం సర్వరుకు చేరాలి. అక్కడి యంత్రం కొత్త బొమ్మను గీయాలి. గీసినదాన్ని వీడియోగా కుదించాలి. అది తిరిగి మన ఇంటికి రావాలి. ఇక్కడ విప్పి తెరమీద చూపాలి. సెకనుకు 60 బొమ్మలు చూపే ఆటలో ఒక్కొక్క బొమ్మకు దక్కే వ్యవధి సుమారు 16.7 మిల్లీసెకన్లు. గాజుతీగలో వెలుగు మిల్లీసెకనుకు దాదాపు 200 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. కాకినాడ నుంచి ముంబయి గాలిదారిన సుమారు 1000 కిలోమీటర్లు. అంటే పోనూ రానూ కలిపి 10 మిల్లీసెకన్లు దారిఖర్చుకే సరి. చెన్నై నుంచి సింగపూరుకైతే 2900 కిలోమీటర్లు. రానుపోను 29 మిల్లీసెకన్లు. నిజానికి తీగలు గాలిదారిన పోవు. వంకరలు తిరుగుతాయి, మధ్యలో ఎన్నో మజిలీలు చేస్తాయి. పైన చెప్పిన కుదింపులూ విప్పడాలూ దీనికి అదనం. ఇంతా చేసి ఇంట్లో టీవీకీ, కంట్రోలరుకూ సహజంగా ఉండే జాప్యం ఎలాగూ ఉండనే ఉంటుంది.

తీరుబడిగా సాగే కథాప్రధానమైన ఆటలోనో, ఎత్తుగడల ఆటలోనో ఈ ఆలస్యాన్ని మనసు త్వరగానే మరచిపోతుంది. కానీ ‘టెక్కెన్’ వంటి కుస్తీ ఆటలో అతివేగమైన గుద్దు 10 బొమ్మల వ్యవధిలో, అంటే సెకనులో ఆరోవంతులో, ఎదుటివాడికి తగులుతుంది. అందులో మూడు నాలుగు బొమ్మల కాలం దారిలోనే హరించుకుపోతే ఇక మిగిలేదేమిటి? ఇంజనీర్ల నైపుణ్యంతో దీన్ని తగ్గించవచ్చు. డేటా సెంటర్లను ఊరికి దగ్గరగా కట్టవచ్చు. కానీ వెలుగు వేగాన్ని పెంచే చందా మాత్రం ఎవరూ అమ్మలేరు.

ఇక డేటా సంగతి. 2019లో గూగుల్ వారు తమ ‘స్టేడియా’ సేవలో 4కె నాణ్యతకు సెకనుకు 35 మెగాబిట్ల వేగం కావాలన్నారు. ఆ లెక్కన గంటకు 15.75 జీబీ ఖర్చవుతుంది. పోనీ సాధారణ నాణ్యత చాలుననుకొని 10 మెగాబిట్ల దగ్గర ఆగినా, రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోను ప్యాకేజీ అరగంటైనా రాదు. ఇంట్లో ఫైబరు కనెక్షను ఉన్నవారికి ఇది సమస్య కాకపోవచ్చు. అయితే ఖరీదైన యంత్రం కొనలేనివారికోసమే వచ్చిందని చెప్పే సేవ, ఖరీదైన కనెక్షను ఉన్నవారి ఇంట్లోనే సాఫీగా నడవడం ఒక విచిత్రం.

సాంకేతికమైన చిక్కులకన్నా మొండిది ఆర్థికమైన చిక్కు. ఒక సినిమా ప్రతిని సర్వరులో పెడితే అదే ప్రతిని వేలమందికి పంచవచ్చు. ఆటలో ఒక్కొక్క ఆటగాడి ప్రపంచం వేరు. అతడు ఆడుతున్నంతసేపూ ఒక గ్రాఫిక్స్ కార్డో, అందులో ఒక భాగమో అతడికోసమే పనిచేస్తూ ఉండాలి. పైగా అందరూ ఆడేది సాయంత్రం ఆఫీసులూ కాలేజీలూ వదిలాకనే. ఆ నాలుగు గంటల రద్దీకి సరిపడా యంత్రాలు కొంటే తక్కిన ఇరవై గంటలూ వాటిలో చాలామటుకు ఊరకుంటాయి. తక్కువ కొంటే సాయంత్రం జనం వరుసలో నిలబడాలి. ఈ లెక్క ఎంత గట్టిదో ఎన్‌విడియా వారి ‘జీఫోర్స్ నౌ’ చూస్తే అర్థమవుతుంది. గ్రాఫిక్స్ కార్డులను తయారుచేసేది వారే; వారికంటే చవకగా వాటిని పొందగలిగినవారు మరొకరుండరు. అటువంటివారే తమ చందాదారులకు నెలకు 100 గంటల పరిమితి విధించారు. 2025 జనవరిలో కొత్తవారికి మొదలైన ఆ నియమం 2026 జనవరికి పాతవారికీ వర్తించింది. ఇంట్లో ఉన్న పెట్టె మాత్రం ఈ నెల కోటా అయిపోయిందని ఎన్నడూ అనదు.

ఇక చరిత్రలోకి వద్దాం. 2009లో స్టీవ్ పెర్ల్‌మన్ ‘ఆన్‌లైవ్’ అనే సేవను ప్రకటించినప్పుడు కన్సోళ్ళకు కాలం చెల్లిందన్న మాట గట్టిగా వినబడింది. 2010లో అమెరికాలో మొదలైన ఆ సేవ 2015 ఏప్రిల్ 30న మూతపడింది; దాని పేటెంట్లను కొన్నది కన్సోళ్ళు చేసే సోనీ సంస్థే. అంతకుముందు 2012లో ‘గైకై’ అనే మరో స్ట్రీమింగు సంస్థను 38 కోట్ల డాలర్లకు కొన్నదీ ఆ సోనీయే. ఎవరిని మింగుతాయని అనుకున్నామో వారే వీటిని మింగారన్నమాట.

తరువాత గూగుల్ వంతు. 2019 నవంబరు 19న స్టేడియా మొదలైంది. 2023 జనవరి 18న ముగిసింది. ధనానికి కొదువలేని సంస్థ, ప్రపంచమంతటా డేటా సెంటర్లున్న సంస్థ, మూడేళ్ళ రెండు నెలలకే దుకాణం కట్టేసింది. న్యాయంగా చెప్పాలంటే వారు మర్యాదగానే నిష్క్రమించారు. ఆటలు కొన్నవారికి డబ్బు తిరిగి ఇచ్చారు. కంట్రోలరును బ్లూటూతుతో ఇతర యంత్రాలకూ వాడుకునే వీలు కల్పించారు. కానీ కాలాన్ని తిరిగి ఇవ్వడం ఎవరికి సాధ్యం? ‘రెడ్ డెడ్ ఆన్‌లైన్’ ఆటను స్టేడియాలో దాదాపు 6000 గంటలు ఆడిన ఒక ఆటగాడు, తన పాత్రను మరో యంత్రానికి మార్చుకునే దారి చూపమని మూసివేత ప్రకటన వెలువడగానే బహిరంగంగా ప్రాధేయపడ్డాడు. 6000 గంటలంటే 250 పగళ్ళూ రాత్రులూ. అతడి ఇంట్లో ఒక్క ఫైలు కూడా లేదు, అడ్డుపెట్టుకోవడానికి. స్టేడియాకే ప్రత్యేకమైన ఆటల్లో ‘గిల్ట్’ వంటిది 2023లోనే ఇతర యంత్రాలకు వలసపోయి బతికింది. ‘అవుట్‌కాస్టర్స్’ వంటిది ఆ సేవతోపాటే కనుమరుగైంది.

ఇంతవరకూ చదివినవారు నన్ను మబ్బుకు శత్రువుగా జమకట్టవచ్చు. అది సరికాదు. 2020 డిసెంబరు 10న ‘సైబర్‌పంక్ 2077’ విడుదలైనప్పుడు అప్పటికి ఏడేళ్ళ వయసున్న పాత కన్సోళ్ళమీద ఆ ఆట నడవలేక నడిచింది. సోనీ సంస్థ దాన్ని తన దుకాణంలోంచే తొలగించి 2021 జూను దాకా తిరిగి పెట్టలేదు. అదే ఆట స్టేడియాలో, ఏ గ్రాఫిక్స్ కార్డూ లేనివారి ఇళ్ళలో, ఆ కన్సోళ్ళకంటే ఎంతో నయంగా నడిచింది. ఆ రోజుల్లో గ్రాఫిక్స్ కార్డులు కొందామన్నా దొరికేవి కావు. దొరికినా ధరలు ఆకాశాన్నంటేవి. అటువంటి కరువులో మబ్బు కురిసిన మాట వాస్తవం. 2025 చివరలో మళ్ళీ అటువంటి పరిస్థితే వచ్చింది. కృత్రిమ మేధ కోసం కట్టే డేటా సెంటర్లు మెమరీ చిప్పులను మింగేస్తూ ఉండడంతో వాటి ధరలు మండిపోయాయి. 2025 డిసెంబరులో మైక్రాన్ సంస్థ, సామాన్య వినియోగదారులకు మెమరీ అమ్మే తన ‘క్రూషియల్’ విభాగం నుంచే తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. ముంత ఖరీదు పెరుగుతున్నకొద్దీ జనం మబ్బువైపు చూడడంలో తప్పు లేదు. ఆ ఖరీదు పెరగడానికి డేటా సెంటర్ల ఆకలే ఒక కారణమన్నది మాత్రం మరచిపోరాదు.

ఈ తర్జనభర్జన అంతా నా నెత్తిన పడింది కాకినాడలో ఇంజనీరింగు చదువుతున్న మా మేనల్లుడి పుణ్యమా అని. “మావయ్యా, లక్షా ఇరవై వేలు పెట్టి కంప్యూటరు కొనమంటావా, నెలచందా కట్టుకోమంటావా? నాన్నగారు నీ మాటే వింటానన్నారు” అని ఫోను చేశాడు. మా బావగారిది చిన్న ఉద్యోగం. లక్ష రూపాయలంటే ఆ ఇంట్లో ఆచితూచి తీయవలసిన సొమ్ము. సలహా తప్పితే పోయేది నా డబ్బు కాదు కనుక మరింత జాగ్రత్తగా ఆలోచించాను. ముందు ఒక నెల ఏదైనా సేవను ప్రయత్నించి, ఏ రోజు ఎలా ఉందో రాసి పెట్టమన్నాను. కుర్రవాడు శ్రద్ధగా రాశాడు. ఉదయం పూట కథల ఆటలు హాయిగా నడిచాయి. రాత్రి తొమ్మిది దాటాక హాస్టలు వైఫైలో బొమ్మ మసకబారేది. స్నేహితులతో పోటీ ఆటల్లో చేతికీ కంటికీ పొత్తు కుదరలేదన్నాడు. రోడ్డు తవ్వకంలో కేబులు తెగి రెండు రోజులు నెట్టు లేదు. ఆ రెండు రోజుల గడిలో “ఏమీ లేదు” అని రాశాడు.

ఆ కాగితం చూసి నేనిచ్చిన సలహా మధ్యేమార్గం. లక్షా ఇరవై వేలు వద్దు. చదువుకూ పనికివచ్చే, ఓ మోస్తరు ఆటలు నడిపే సాదా యంత్రాన్ని అరవై వేలలో కొనుక్కో; రెండేళ్ళ తరువాత గ్రాఫిక్స్ కార్డు తగిలించుకునే వీలుండాలి. దానికి మించిన పెద్ద ఆట ఏదైనా వచ్చి మనసు పడితే, సెలవుల్లో ఒక నెల చందా కట్టి ఆడేసి ఊరుకో. బావగారికి అంకె నచ్చింది. మేనల్లుడికి సగమే నచ్చింది. అంతకంటే మంచి సలహా ఉంటే నాకింకా తట్టలేదు.

సాదా యంత్రమైనా సరే సొంతానికి ఉండాలని నేను పట్టుబట్టడానికి మరో కారణముంది. అది ఆడడానికి సంబంధించినది కాదు, చేయడానికి సంబంధించినది. 2000 దశకంలో హైదరాబాదు ఇంటర్నెట్టు సెంటర్లలో కుర్రాళ్ళు బృందాలుగా కూర్చుని ఆడిన ‘కౌంటర్ స్ట్రైక్’ను తొలుత ఏ పెద్ద సంస్థా తయారుచేయలేదు. 1998లో వచ్చిన ‘హాఫ్ లైఫ్’ ఆట ఫైళ్ళను విప్పి, మార్చి, ఇద్దరు యువకులు 1999లో దాన్ని రూపొందించారు. ‘వార్‌క్రాఫ్ట్ 3’ ఆటను అభిమానులు అటూ ఇటూ మార్చి చూడగా ‘డోటా’ పుట్టింది. ఆట మన యంత్రంలో ఉన్నది కనుకనే దాని మూత తెరచి లోపలేముందో చూడగలిగారు. మబ్బులో నడిచే ఆట మనకు పంపేది బొమ్మను మాత్రమే. బొమ్మను విప్పి చూడలేం, మార్చలేం. వంటింట్లోకి అడుగుపెట్టనివ్వని హోటల్లో ఎన్నేళ్ళు భోంచేసినా వంట రాదు కదా!

భద్రపరచడం సంగతీ ఇంతే. 1989 నాటి ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ ఆటను మనలో చాలామంది నలుపు తెలుపు తెరలమీద ఆడినవాళ్ళమే. దాని కర్త జోర్డన్ మెక్నర్ ఆ ఆట మూల ప్రోగ్రాము పోయిందనే అనుకున్నాడు. 2012లో ఆయన తండ్రి ఇంట్లో ఒక పాత పెట్టె బయటపడింది. అందులోని ఫ్లాపీల్లో ఆ ప్రోగ్రాము ఉంది. ఎవరో ఒకరి ఇంటి అటకమీద ఒక ప్రతి మిగిలి ఉండడంవల్లనే ఈ కళకు ఇంతమాత్రమైనా చరిత్ర మిగిలింది. తాళపత్ర గ్రంథాలు మనదాకా వచ్చినదీ ఇలాగే గదా. ప్రతి అన్నదే బయటికి రాని ఆటకు ఆ అదృష్టం పట్టదు.

అయితే ఇంట్లో పెట్టె ఉన్నంతమాత్రాన ఆట మన సొంతమైందని మురిసిపోవడానికీ లేదు. యూబీసాఫ్ట్ వారి ‘ది క్రూ’ అనే కార్ల పందెం ఆట సర్వర్లను 2024 మార్చి 31న ఆపివేశారు. డిస్కు చేతిలో ఉన్నవారి యంత్రాల్లోనూ ఆట నడవడం మానేసింది. దానిపై మొదలైన నిరసన ఐరోపాలో 2025 నాటికి పది లక్షలకు పైగా సంతకాల దాకా సాగింది. 2024 నవంబరులో వచ్చిన ‘ఫ్లైట్ సిమ్యులేటర్ 2024’ ఇంట్లోని యంత్రంమీదే నడుస్తుంది. కానీ భూగోళాన్నంతా సర్వర్లనుంచి తెచ్చుకుంటుంది. విడుదలనాడు జనం ఒక్కసారిగా ఎగబడేసరికి ఆ సర్వర్లు చేతులెత్తేశాయి. ఖరీదైన కార్డులున్నవారూ విమానమెక్కలేక కూర్చున్నారు. ఆన్‌లైన్ దుకాణాలు తాము ఇచ్చేది కేవలం అనుమతి అయినప్పుడు, ఆ సంగతి స్పష్టం చేయకుండా ‘కొనండి’ అన్న మాట వాడరాదని కాలిఫోర్నియాలో 2024లో చట్టమే చేయవలసి వచ్చింది. కనుక యంత్రం ఎక్కడుందన్నది సగం ప్రశ్నే. తాళంచెవి ఎవరి చేతిలో ఉందన్నది తక్కిన సగం. మబ్బు పద్ధతిలో యంత్రమూ తాళంచెవీ రెండూ అవతలివారి దగ్గరే ఉంటాయి.

బ్రిటనులోని పోటీ నియంత్రణ సంస్థ కూడా ఈ సంగతిని గుర్తించింది. మైక్రోసాఫ్టు సంస్థ ఆక్టివిజన్‌ను 6,870 కోట్ల డాలర్లకు కొనబోతే, 2023 ఏప్రిల్‌లో ఆ సంస్థ అడ్డుపడింది. చెప్పిన కారణం క్లౌడ్ ఆటల విపణి ఒకరి గుప్పిట్లోకి పోతుందన్న భయం. చివరికి ఆక్టివిజన్ ఆటల క్లౌడ్ హక్కులను యూబీసాఫ్టుకు అప్పగించాకనే, ఆ ఏడాది అక్టోబరులో, కొనుగోలు పూర్తయింది. అప్పటికి క్లౌడ్ ఆటల వ్యాపారం చిన్నదే. అయినా దానికోసం అంతటి కొనుగోలును నెలల తరబడి నిలిపారంటే, రేపటి తాళంచెవి విలువ వారికి తెలిసినట్లే.

ఇంతకూ మబ్బు పెట్టెను తొలగిస్తుందా? తొలగించదనే నా నమ్మకం. 2025 జూను 5న విడుదలైన నింటెండో స్విచ్ 2 నాలుగు రోజుల్లో 35 లక్షలకు పైగా అమ్ముడైంది. పెట్టెలమీద జనానికి మోజు తీరలేదనడానికి అంతకన్న నిదర్శనం అక్కరలేదు. క్లౌడ్ సేవ అద్దె పుస్తకాల దుకాణంలా నిలుస్తుంది. ఏడాదికి రెండు ఆటలు ఆడేవాడికీ, కొనేముందు రుచి చూడదలచినవాడికీ, ప్రయాణంలో ఉన్నవాడికీ అది చాలు. అద్దె పుస్తకాలు చదివి పెరిగినవాళ్ళం మనం దాన్ని చిన్నచూపు చూడనవసరం లేదు. మన ఇంటి యంత్రంలోనే ఆట నడుపుతూ, దాని బొమ్మను మరో గదిలోని టీవీకో, పొరుగూళ్ళో ఉన్న ఫోనుకో పంపుకునే పద్ధతి కూడా ఉంది. ‘మూన్‌లైట్’ వంటి ఉచిత సాఫ్టువేరుతో ఎవరైనా చేసుకోవచ్చు. స్ట్రీమింగు సౌకర్యమంతా అందులో ఉంది. సర్వరు మాత్రం మన బల్లకిందే ఉంటుంది. నా మట్టుకు నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు ఇది.

నేను భయపడేది మబ్బు కురవడం గురించి కాదు. అది కురుస్తుందన్న ధీమాతో ముంతలు చేసేవాళ్ళే చేయడం మానేస్తారేమోనని. ఆ రోజు రాకుండా ఉండాలంటే కొద్దిమందైనా ముంతలు కొంటూ ఉండాలి, పగిలితే అతికించుకుంటూ ఉండాలి. వాన వచ్చినప్పుడు చూరుకింద వాటినే పెట్టి పట్టుకుందాం.